నాలుగు వందల పదిహేడో ఇంటి గళ్ళ పలక

జూన్ 3. పడమర గాలి.

కొత్త పలకలు వచ్చాయి. ఆరు వందల పన్నెండు. పన్నెండు అట్టపెట్టెల్లో, పలకకీ పలకకీ మధ్య మెత్తటి కాగితం పెట్టి మరీ పంపారు. మా లంకలో పుట్టిన పిల్లలకి కూడా అంత మెత్తటి పక్క దొరకదు.

పొద్దున్నే నా తెప్ప తాళ్ళు బిగించుకుని ఒక పెట్టె విప్పాను. మీగడ రంగు నేల మీద లేత ఆకుపచ్చ గళ్ళు. అవి గళ్ళు కూడా కావు, ముత్యాల్లా గుండ్రంగా ఉన్నాయి. నడిమధ్యలో సర్కారు శాఖ వారి కొంగ ముద్ర. అంచుని ఆనుకుని చుట్టూ లతలు. పైన అద్దంలా మెరిసే పూత. శుభలేఖ మీదయితే ఎంతో బాగుండేది.

నేను ముప్పై ఏళ్ళు బోర్డులు రాసి బతికినవాణ్ణి. లారీల మీద పేర్లు, కిరాణా కొట్ల బోర్డులు, చర్చి గోడల మీద వాక్యాలు. సముద్రం కొల్లేట్లోకి వచ్చాక బోర్డులూ లేవు, గోడలూ లేవు. అప్పుడు శాఖ వారు ఈ ఉద్యోగం ఇచ్చారు. తేలే ఇళ్ళకి క్యూఆర్ కోడు పలకలు బిగించడం, తుడవడం, పాడయితే మార్చడం, రోజూ ఈ పుస్తకం రాయడం. జనం వాటిని గళ్ళ పలకలంటారు. నన్ను మాత్రం పాత అలవాటు కొద్దీ ఇంకా ఆర్టిస్టుగారూ అనే పిలుస్తారు.

పుస్తకం మొదటి పేజీలో "క్లుప్తముగా వ్రాయవలెను" అని అచ్చు వేశారు. ప్రయత్నిస్తాను.

జూన్ 5.

నా వంతుకొచ్చిన నలభై ఇళ్ళకి పలకలు మార్చాను, మిగతావి కూలీ కుర్రాళ్ళు మారుస్తున్నారు. నాలుగు వందల పదిహేడు దగ్గర గొడవయింది.

ఆ ఇల్లు మహంకాళమ్మది. ఎండు రొయ్యలు అమ్ముతుంది. కూతురు కనకవల్లి పక్క తెప్ప మీద పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఆ పిల్లకి పదకొండో ఏటి నుంచీ చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఇంట్లో చల్లపెట్టె పెట్టుకునేంత కరెంటు ఇక్కడ ఎవరికీ లేదు. అందుకని నాలుగు రోజులకోసారి మనిషి లేకుండా తనంతట తను నడిచే మూగపడవ మంచుపెట్టెలో తెచ్చి ఇస్తుంది.

మహంకాళమ్మ పాత పలక మీద అరచెయ్యి వేసి నిలబడింది.

"పనిచేసేదాన్ని పీకడవెందుకు ఆర్టిస్టుగారూ? పడవ వత్తంది, ఆగుతుంది, మందిత్తంది. ఇంకేం గావాలి?"

"పైనుంచి ఆర్డరమ్మా. పాతవన్నీ తీసి వెనక్కి పంపాలి, కరిగిస్తారట."

"ఆ పైవోళ్ళొచ్చి పీకమను. మీరెందుకు పీకుతారు?"

నాకింకా ముప్పై ఇళ్ళున్నాయి. ఎండ మండిపోతోంది. "నా ఉద్యోగం పోగొడతావా ఏంటి, చెయ్యి తియ్యి" అని కసిరాను. తీసింది. నలుపూ తెలుపూ పాత పలక పీకి, కొంగ ఉన్నది బిగించాను. కనకవల్లి గడపలో కూర్చుని చూస్తూ, "చాలా బాగుంది కానండీ, అసలు గళ్ళెక్కడున్నాయో కనపట్టంలేదు" అంది. నవ్వి వచ్చేశాను.

జూన్ 9.

ఈరోజు మూగపడవ వచ్చే రోజు. దాని వెనకే నా డోంగీ మీద తెడ్డు వేసుకుంటూ తిరిగాను.

దాని ముక్కు మీద ఒక కెమెరా కన్నుంటుంది. ఇళ్ళు డ్రమ్ముల మీద తేలుతూ గాలికి చోటు మారుతుంటాయి కాబట్టి పటం చూసి రావడం కుదరదు, ప్రతి ఇంటి పలకా చదువుకుంటూ రావాలి. పన్నెండడుగుల దూరంలో ఆగుతుంది, అంతకంటే దగ్గరికొస్తే డ్రమ్ములకి కొట్టుకుంటుంది. నలభై సెకన్లు చూస్తుంది. చదవగలిగితే పడవలో ఆ ఇంటి మందుల అర తెరుచుకుంటుంది. చదవలేకపోతే, లోపలి మంచు కరిగిపోకుండా ముందుకెళ్ళిపోతుంది. ఆ తాళం తీయడం ఎవరికీ రాదు, నాకూ రాదు. వెనకటేడు ఎవరో పగలగొట్టి మందులు అమ్ముకున్నారని కట్టుదిట్టం చేశారు.

నేను వెంట తిరిగిన ఇరవై ఇళ్ళలో పదమూడింటి దగ్గర ఆగి, చూసి, వెళ్ళిపోయింది. వాటిలో నాలుగు వందల పదిహేడు ఒకటి.

"పాతది మిగిలింది కొంచెం ఉందిలెండి" అంది కనకవల్లి. వాళ్ళమ్మ నాకు వీపు పెట్టి రొయ్యలు చెరగడం మొదలెట్టింది. తిట్టినా బాగుండేది.

రేడియోలో సూపర్వైజరు సత్యకుమార్ గారికి చెప్పాను.

"ఇక్కడ చూశాం కదండీ. టేబుల్ మీద పెట్టి చూస్తే టక్కున పట్టింది" అన్నారు.

"టేబుల్ మీద ఎంత దూరం నుంచండీ?"

"చేతిలో పట్టుకునే. మామూలుగా ఎలా చూస్తామో అలాగే."

"పడవకి చేతుల్లేవండీ. పన్నెండడుగుల అవతల ఉంటుంది, ఎండలో, ఊగుతూ."

"రిపోర్టు పెట్టండి, పంపుతాను."

పెట్టాను. ఇది మొదటిది.

జూన్ 11.

తప్పు పలకదేనా, జనానిదా అని తేల్చుకుందామని ఇల్లిల్లూ తిరిగాను. జనం కూడా తక్కువ తినలేదు. రెండు వందల మూడో ఇంటివాళ్ళు పలక ముచ్చటగా ఉందని నేను బిగించింది ఊడదీసి, లోపల దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు. పడవ బయటే ఉంటుందని చెబితే, "ఎండకి రంగు పోతది కదండీ" అన్నారు. మూడు వందల పదొకటిలో అల్లుడొచ్చాడని చుట్టూ పూలదండ వేశారు. ఇంకొకాయన పక్కకి వంగిన పలకని సరిచేయబోయి డ్రమ్ము గుండ్రం మీద అతికించాడు. వంపు తిరిగిన గళ్ళు ఏ కన్నూ చదవదు. అయిదు చోట్ల ముందర ఎండు చేపలు వేలాడుతున్నాయి.

అవన్నీ సరిచేశాను. తిట్టాను కూడా. అయినా మిగతావి ఎందుకు చదవడం లేదు?

నా దగ్గర పరీక్షకి చేతియంత్రం ఉంది, పడవకున్న కన్నే దానికీ ఉంది. పన్నెండడుగుల నుంచి పది పలకలు చూశాను. పొద్దున్నయితే వాటిలో నాలుగు చదివింది. మిట్టమధ్యాహ్నం ఒకటి. నీళ్ళ మీది వెలుగు ఆ పూత మీద పడి పలకంతా తళతళమంటుంది, గళ్ళే కనపడవు.

రెండో రిపోర్టు. క్లుప్తముగానే వ్రాశాను:

పలక జానెడుంది. పది అడుగుల దూరానికి కనీసం అడుగు పలక కావాలి, కొలత అది. రంగు ముదురుగా ఉండాలి, వెనక తెలుపు ఉండాలి, పూత మెరవకూడదు. చుట్టూ నాలుగు గళ్ళంత ఖాళీ వదలాలి, లేకపోతే ఎక్కడ మొదలైందో యంత్రానికి తెలియదు. మధ్యలో కొంగ అక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, లోపల రాసింది. పాత పలకలో ఇంటి నంబరు ఒక్కటే ఉండేది. ఇప్పుడు శాఖ పేరు, పథకం పేరు, జిల్లా, మండలం, ఇంటి పెద్ద పేరు అన్నీ కుక్కారు. రాత పెరిగిన కొద్దీ గళ్ళు పెరుగుతాయి, పెరిగిన కొద్దీ చిన్నవవుతాయి. నీ పేరేంటని అడిగితే వంశవృక్షం చదివినట్టుంది.

చివరి వాక్యం కొట్టేద్దామనుకుని కొట్టెయ్యలేదు.

జూన్ 13.

పడవ మళ్ళీ వచ్చింది. నాలుగు వందల పదిహేడు దగ్గర నేను ముందే వెళ్ళి నిలబడ్డాను. పలక తుడిచాను. గొడుగు పట్టి నీడ కూడా చేశాను. చూసింది, చూసింది, కదిలింది.

అప్పుడు మహంకాళమ్మ పలకని మేకులతో సహా పెరికి, నడుంలోతు నీళ్ళ కింద ఉన్న దిబ్బ మీదుగా పరిగెత్తి పడవ ముక్కుకి అడ్డంగా వెళ్ళింది. రెండు చేతులతో పలక ఎత్తి పట్టుకుంది.

"సూడు. ఇదిగో, సరిగ్గా సూడు. మా పిల్లది ఇందులో ఉంది."

నీళ్ళ తోపుకి పలక ఊగుతోంది. దగ్గరగా ఉన్నా అంత ఊపులో ఏం చదువుతుంది? పడవ వెనక్కి జరిగి, ఆమె పక్కనుంచి మెల్లగా తప్పుకుని వెళ్ళిపోయింది. ఆ మెల్లదనం చూస్తే నాకు ఒళ్ళు మండింది. అది యంత్రం, దానిమీద కోపమేంటి అనుకున్నాను. అయినా మండింది.

ఆమె తెప్ప దగ్గరికొచ్చి పలక నా చేతికిచ్చింది.

"మీరు బిగించిందే కదా. మీరే ఉంచుకోండి" అంది.

మూడో రిపోర్టు. సత్యకుమార్ గారు: "లంకలో ఫిర్యాదులు తొంభయ్యేనండీ. మిగతా అయిదొందల చిల్లర ఇళ్ళు బాగానే ఉన్నాయిగా. పెర్సెంటేజీ చూస్తే ఎక్కువేం కాదు."

జూన్ 15.

రెండు వందల ముప్పై మూడులో ఒకాయనకి కూడా అదే జబ్బు, ఆయన పాత మందు సగం కనకవల్లికి ఇచ్చాడు. రెండు రోజులకి సరిపోయింది. ఇప్పుడు అదీ లేదు.

ఆసుపత్రి లాంచీ అడిగాను. అది తూర్పు లంకల్లో ఉందట, పద్దెనిమిదిన గానీ రాదు. ఎదురుగాలికి తెడ్డు వేసుకుని గట్టు మీది ఆసుపత్రికి వెళ్ళాలంటే ఒకటిన్నర రోజు. ఇద్దరు తెడ్డు వేస్తామన్నారు గానీ, మధ్యలో ఏమయినా అయితే ఏం చేస్తాం అని మహంకాళమ్మ ఒప్పుకోలేదు. పడవ పదిహేడున వస్తుంది. దాన్ని ఆపగలిగితే చాలు.

కనకవల్లి మంచం మీద ఉంది. నోరెండిపోతోంది, తాగిన నీళ్ళన్నీ వాంతి అవుతున్నాయి. నన్ను చూసి, "మీరు రిపోర్టులు రాస్తున్నారటగా" అంది.

"మూడు రాశానమ్మా."

"నాలుగోది రాయకండి. ఇంకేదన్నా చెయ్యండి."

ఇంటికొచ్చి కూర్చున్నాను. శాఖ నిబంధన ప్రకారం అచ్చు పలక తప్ప వేరే గుర్తు పెట్టకూడదు. పాత పలకలు కరిగించడానికి వెళ్ళిపోయాయి, నేనే సంతకం పెట్టి పంపాను. కానీ పడవకి పాత నంబర్లు ఇంకా గుర్తున్నాయి. మూడు వందల ఎనభై ఎనిమిదో ఇంటికి తాళం వేసి ఉంటే అక్కడ పాత పలక తీయలేదు, మొన్న దాని ముందు పడవ ఆగి అర తెరిచింది. నా చేతియంత్రంలో ఏ అంకె కొడితే దాని గళ్ళు చూపిస్తుంది. ముప్పై ఏళ్ళు కుంచె పట్టాను. ఇంత చిన్న సంగతి తట్టడానికి ఆరు రోజులు పట్టింది, ఎందుకంటే ఈ ఆరు రోజులూ నేను ఉద్యోగిలాగే ఆలోచించాను.

జూన్ 16.

మహంకాళమ్మ తలుపు రెక్క ఊడదీసి ఇచ్చింది. సున్నం రెండు పూతలు వేశాను. పడవల అడుగున పూసే తారుని వేడిచేసి కిరసనాయిల్ కలిపి పలచన చేశాను. తారు ఆరితే నల్లగా ఉంటుంది గానీ మెరుస్తుంది. పైన బూడిద చల్లి అద్దితే మెరుపు చచ్చింది.

నాలుగు వందల పదిహేడు అని కొడితే యంత్రంలో అడ్డం ఇరవయ్యొకటి, నిలువు ఇరవయ్యొకటి గళ్ళు వచ్చాయి. అంతే. కొంగ పలకలో వాటికి రెండింతలున్నాయి ఒక్కో వరసకి. గడి అంగుళం చొప్పున గీశాను. చుట్టూ నాలుగేసి అంగుళాలు ఖాళీ వదిలాను.

కనకవల్లి తను చదువుతానంది. వద్దన్నాను. "లెక్కలు చెప్పేదాన్ని నేనా, మీరా" అని యంత్రం లాక్కుంది. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని వరసలు చదవడం మొదలుపెట్టింది.

"మొదటి వరస. నలుపు ఏడు, తెలుపు ఒకటి..."

ఆరో వరస దగ్గర వాంతి అయింది. నోరు కడుక్కుని ఏడో వరస ఎత్తుకుంది. పదమూడో వరసకి మాట ముద్దగా అయిపోయింది. ఊపిరి తొందరగా, లోతుగా పోతోంది, మగ్గిన పండు వాసన వస్తోంది. మహంకాళమ్మ వినిపించిందాన్ని గట్టిగా నాకు అందించడం మొదలుపెట్టింది. ఆమెకి చదువు రాదు. "నలుపు రెండు, తెలుపు మూడు" అని కూతురు పెదాలు చూసి చెబుతుంటే నేను గీశాను.

పద్దెనిమిదో వరసలో ఒక గడి తప్పు పడింది. గీకబోతుంటే కనకవల్లి చెయ్యి ఊపి వద్దంది. నిజమే. అక్కడక్కడా ఒకటీ అరా తప్పినా యంత్రం సర్దుకుంటుంది. మూడు మూలల పెద్ద చతురస్రాలు మాత్రం చెడకూడదు. అవి నేను మూడుసార్లు కొలిచాను.

గీయడం అయ్యాక చేతియంత్రం పట్టుకుని వెనక్కి, నీళ్ళలోకి నడిచాను. పన్నెండడుగుల దగ్గర పట్టింది. ఇరవై అడుగుల దగ్గర పట్టింది. ఊపుతూ చూశాను, పట్టింది. వెనక్కొచ్చి తలుపుని గడప పక్కన, పడవ వచ్చే వైపు మేకులతో బిగించాను.

జూన్ 17.

పడవ పదకొండున్నరకి వచ్చింది. ఎండ సూటిగా ఉంది. మబ్బు పడితే బాగుండునని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను, పడలేదు.

పన్నెండడుగుల దాకా రాకముందే, ఇంకా కదులుతుండగానే, అర తెరుచుకుంది.

మహంకాళమ్మ మంచుపెట్టె తీసుకుని లోపలికి పరిగెత్తింది. సూది కనకవల్లే వేసుకుంది, వాళ్ళమ్మ మోచెయ్యి పట్టుకుంది. నేను బయట నిలబడ్డాను. కాసేపటికి మహంకాళమ్మ వచ్చి గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. మొహం వేరేవైపే ఉంది.

"పాత పలక ఎందుకు తీయనిచ్చానా అని నన్ను నేను తిట్టుకుంటన్నాను. మిమ్మల్ని కూడా తిట్టాను."

"నన్నే తిట్టాలి."

"అదే చెప్తన్నాను. ఎక్కువ మిమ్మల్నే తిట్టాను" అంది.

జూన్ 20.

లాంచీ పద్దెనిమిదిన కనకవల్లిని గట్టు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సెలైన్లు ఎక్కిస్తున్నారు, లేచి కూర్చుంటోందని కబురొచ్చింది.

పడవ కన్ను తీసిన తలుపు ఫోటోతో నాకు మెమో వచ్చింది. అనధికార గుర్తు, శాఖ ముద్ర తొలగింపు, ప్రభుత్వ పలకకు నష్టం. ఆ ఉత్తరువు దిగువన కొంగ బొమ్మ ఉంది, నాకిప్పుడు ఆ పక్షి మీదే అసహ్యం పుట్టేలా ఉంది. ఈ మూడు రోజుల్లో ఇంకో ఇరవై రెండు తలుపులు రాశాను. మెమోకి జవాబు రాయడానికి ఖాళీ లేదు.

జూన్ 22.

కొంగ పలకల నమూనా గీసిన అమ్మాయి వచ్చింది. పేరు పూర్వజ. ఇరవయ్యారు, ఇరవయ్యేడు ఉంటాయేమో. నా డోంగీ అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఆమె కోసం నేను పదిహేను రోజులుగా తిట్లు కూడబెట్టాను.

మొదలుపెట్టేలోపే ఆమె అడిగింది. "పడవ ఎంత దూరంలో ఆగుతుందండీ?"

"నీకు తెలీదా?"

"ఎవరూ చెప్పలేదండీ. అందంగా ఉండాలి, ముద్ర ఉండాలి, వివరాలన్నీ ఉండాలన్నారు. స్క్రీన్ మీద చూసుకున్నాను, ఫోన్‌తో చూసుకున్నాను. పడవ సంగతే నాకు తెలీదు."

"మూడు రిపోర్టులు పెట్టాను."

"నా దాకా ఒక్కటీ రాలేదు. మీ తలుపు ఫోటో మెమోతోపాటు వచ్చింది. అది చూసి నేనే అడిగి వచ్చాను."

తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. వాటిని ఎవరికివ్వాలో తెలియలేదు. ఆమెని నీళ్ళలోకి దింపి పన్నెండడుగుల దూరంలో నిలబెట్టి, ఆమె పలకే ఆమెకి చూపించాను. మిట్టమధ్యాహ్నం. చాలాసేపు చూసింది. "ఏమీ కనపడటంలేదండీ" అంది, చిన్న గొంతుతో.

తరవాత ఆమె ఒక ప్రశ్న అడిగింది, నేను అడగాల్సిన ప్రశ్న. "ఫిర్యాదు చేయని ఇళ్ళు అయిదు వందల పైనున్నాయి కదా. వాటివి పనిచేస్తున్నాయని మీరు చూశారా?"

చూడలేదు. నేనూ పెర్సెంటేజీనే నమ్మాను.

జూన్ 23.

పొద్దున్నుంచీ ఫిర్యాదు లేని ఇళ్ళే తిరిగాం. చాలా చోట్ల జనం పక్కింటివాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకుని, గట్టు నుంచి కొనుక్కుని, లేదా మందు మానేసి ఊరుకున్నారు. మా మాట ఎవరు వింటారులే అనుకున్నారట.

నాలుగు వందల రెండులో ప్రకాశం అని ఒక వలలు కుట్టే మనిషి ఒంటరిగా ఉంటాడు. రక్తపోటు మాత్రలు వాడతాడు. గడపలో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది, మూతి ఒక పక్కకి జారింది. ఒళ్ళో వల ఉంది, సూది ఎడమచేతిలో ఉంది.

పూర్వజ అతని ముందు కూర్చుని అడిగింది. "పడవ ఆగటం లేదని ఎందుకు చెప్పలేదండీ?"

మాట అతికష్టం మీద వచ్చింది. "నా పేరు కొట్టేశారనుకున్నానమ్మా."

మాత్రలు సగానికి, సగాన్ని సగానికి విరుచుకుని వేసుకున్నాడట. ఎన్నాళ్ళయిందో చెప్పలేకపోయాడు. రేడియోలో లాంచీకి కబురు పెట్టాను. ఈసారి గొంతు చించుకున్నాను, సత్యకుమార్ గారు పెర్సెంటేజీ ఎత్తలేదు. రెండు గంటల్లో లాంచీ వచ్చింది. చెయ్యి మళ్ళీ పనిచేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు వాళ్ళు.

లాంచీ వెళ్ళాక అతని తలుపు ఊడదీసి సున్నం వేశాను. మనిషి తిరిగొచ్చేసరికి పలక ఉండాలి. పూర్వజ వరసలు చదివింది, నేను గీశాను. మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ ఒక వరస రెండుసార్లు చదివింది. నేను ఆ వరస గీకి మళ్ళీ గీశాను.

గీయడం అయ్యాక శాఖకి పంపాల్సిన నివేదిక తీసింది. ఇళ్ళ నంబర్లు, తేదీలు అన్నీ నింపింది. "లోపమునకు బాధ్యులు" అన్న గడి దగ్గర ఆగింది. ఆ గడిలో సాధారణంగా "వాతావరణము" అని రాస్తాం. ఆమె తన పూర్తి పేరు, హోదా రాసి, "పలక రూపకల్పన" అని చేర్చింది. కింద సత్యకుమార్ గారి పేరు రాసి, "రిపోర్టులు పంపలేదు" అని చేర్చింది. కాగితం మడవబోయింది.

నేను కలం అడిగి తీసుకున్నాను. మూడో పేరు నాది రాశాను. ఏసుపాదం, క్షేత్ర సిబ్బంది. పనిచేస్తున్న పలకలను, ఇంటివారు వద్దన్నా, పీకినవాడు.

ఆమె చదివి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తారు డబ్బా తను పట్టుకుంది. నాలుగు వందల మూడో ఇంటికి వెళ్ళాం.